తరంగాల పోలిక ఎంతవరకు?

కాంతి ఫోటాన్లుగా వస్తుందని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. మరి వెలుతురును బాగా తగ్గించి, ఒక్కొక్క ఫోటాన్ మాత్రమే వెళ్ళేలా చేస్తే దాని కణ స్వభావం బయటపడుతుందా? 1909లో ఇంగ్లండులో జి.ఐ. టేలర్ దీన్ని పరీక్షించారు. గ్యాసు దీపం కాంతిని పొగ పట్టించిన గాజు పలకలతో తగ్గించి, సూది నీడను ఫోటో తీశారు. ఒక ఫోటోకు సుమారు మూడు నెలలు పట్టింది! అయినా నీడ అంచుల్లోని వివర్తన పట్టీలు అలాగే ఉన్నాయి. అంటే మసక వెలుతురు లక్షణాలనూ తరంగాలతో లెక్కకట్టవచ్చు.

1956లో హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ పాదరస దీపపు కాంతిని రెండుగా చీల్చి, రెండు డిటెక్టర్లపై పడనిచ్చారు. రెండు సంకేతాలూ కలిసి పెరుగుతూ తగ్గుతూ కనిపించాయి. ఫోటాన్లు గుంపులుగా వస్తున్నాయన్నమాట! చాలామంది నమ్మలేదు. కానీ దీనికీ తరంగాలతో వివరణ ఉంది. దీపంలోని అసంఖ్యాక పరమాణువులు వేటికవే వెలువరించే తరంగాలు కలిసినప్పుడు కాంతి తీవ్రత క్షణక్షణం మారుతుంది. అది పెరిగినప్పుడు రెండు డిటెక్టర్లూ ఒకేసారి స్పందిస్తాయి.

మరి తరంగాలతో వివరించలేని కాంతి ఉందా? 1963లో ఇ.సి.జి. సుదర్శన్ ఇందుకొక గణిత కొలబద్దను ఇచ్చారు. కేరళలో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన ఆయన అప్పటికి అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. ఏ కాంతి స్థితినైనా ఆదర్శ లేజర్ కాంతి వంటి 'సంబద్ధ స్థితుల' మిశ్రమంగా రాయవచ్చని ఆయన చూపారు. మిశ్రమంలోని వాటాలు మామూలు సంభావ్యతల్లా ఉంటే తరంగాల పోలిక సరిపోతుంది. అవి రుణాత్మకమైతే? సంచిలో మైనస్ మూడు గోళీలు ఉండవు కదా! అటువంటి కాంతికి తరంగాల్లో పోలిక దొరకదు.

1977లో రోచెస్టర్‌లోనే కింబుల్, డజెనే, మాండెల్ సోడియం పరమాణువులతో అలాంటి కాంతిని చూపించారు. పరమాణువు ఒక ఫోటాన్‌ను వదిలాక, తిరిగి ఉత్తేజితమైతేగాని రెండోదాన్ని వదలలేదు. అందుకే ఫోటాన్లు గుంపులుగా కాక ఎడంగా వచ్చాయి. తరంగాన్ని రెండుగా చీలిస్తే రెండు డిటెక్టర్లకూ ఒకే క్షణంలో వాటా అందుతుంది. ఈ ఎడం దానితో సాధ్యం కాదు.

1963లోనే రాయ్ గ్లాబర్ కూడా కాంతి క్వాంటం సిద్ధాంతంపై కీలకమైన పత్రాలు ప్రచురించారు. 2005లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం ఆయనకు దక్కింది. తనను విస్మరించారని సుదర్శన్ నోబెల్ కమిటీకి లేఖ రాశారు. ఆయన 2018లో కన్నుమూశారు. అయితే పాఠ్యగ్రంథాల్లో ఆ కొలబద్ద ఇద్దరి పేర్లతోనూ ఉంది: గ్లాబర్-సుదర్శన్ రూపం. ఏదైనా కాంతిని 'క్వాంటం కాంతి' అని ఎవరైనా అంటే, అది ఎంత మసకగా ఉందని కాదు, దాని ఫోటాన్లు ఏ తీరున వస్తున్నాయని మీరు అడగాలి.