స్కాట్లాండు స్వాతంత్ర్య ప్రశ్న – నర్సుల రిజిస్ట్రేషన్
(పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం)

బ్రిటన్‌లో నర్సుగా పనిచేయదలచిన వారి పేరు నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో నమోదై ఉండాలి. పేరు లేకుండా రిజిస్టర్డ్ నర్సునని చెప్పుకోవడం నేరం. 2002లో బాధ్యతలు స్వీకరించిన ఈ కౌన్సిల్ ఇంగ్లండు, స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లండులకు ఒకే రిజిస్టరు నిర్వహిస్తోంది. గ్లాస్గోలో శిక్షణ పొందిన నర్సు మరో రిజిస్ట్రేషన్ అవసరం లేకుండానే లండన్ ఆసుపత్రిలో చేరవచ్చు. స్కాట్లాండు స్వతంత్ర దేశమైతే ఈ సౌలభ్యం ఏమవుతుందన్నదే ప్రశ్న.

1998 నాటి స్కాట్లాండు చట్టం ప్రకారం ఆరోగ్య సేవల నిర్వహణ ఎడిన్‌బరోలోని పార్లమెంటుకు సంక్రమించింది. నర్సింగ్ వృత్తి నియంత్రణ మాత్రం వెస్ట్‌మినిస్టర్ చేతిలోనే ఉంది. అనగా ఆసుపత్రి స్కాట్లాండుది, రిజిస్టరు బ్రిటన్‌ది. 2014 సెప్టెంబరు 18న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 55.3 శాతం మంది స్వాతంత్ర్యాన్ని తిరస్కరించారు. లండన్ సమ్మతి లేకుండా మరో ప్రజాభిప్రాయ సేకరణకు స్కాట్లాండు పార్లమెంటు చట్టం చేయజాలదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా రాజకీయ చర్చ ముగియలేదు.

ఇటువంటి విభజనకు ఆ దీవులలోనే పూర్వోదాహరణ కలదు. 1919లో ఇంగ్లండు-వేల్స్‌కు, స్కాట్లాండుకు, ఐర్లండుకు వేర్వేరుగా మూడు నర్సుల రిజిస్ట్రేషన్ చట్టాలు వచ్చాయి. 1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడింది. అదే ఏడాది ఉత్తర ఐర్లండు తన నర్సులకు, మంత్రసానులకు ప్రత్యేక సంయుక్త కౌన్సిల్ ఏర్పరచుకున్నది. నేటికీ ఆ దీవిలో రెండు రిజిస్టర్లు ఉన్నాయి. డొనెగాల్‌లో నివసిస్తూ సరిహద్దు దాటి డెర్రీలో పనిచేసే నర్సుకు బ్రిటన్ రిజిస్టరులో స్థానం తప్పనిసరి.

తెలుగు పాఠకులకు 2014 జూన్ 2 గుర్తుకు రావడం సహజం. అయితే ఆ పోలిక కొంతవరకే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం అప్పటికి అమలులో ఉన్న చట్టాలను కొనసాగించి, వాటిని అన్వయించుకొనేందుకు రెండేళ్ల వ్యవధి ఇచ్చింది. పైగా గుర్తింపు పొందిన అర్హత ఏ రాష్ట్ర రిజిస్టరులో నమోదుకైనా చాలునని 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం అప్పటికే చెప్పి ఉన్నది. రెండు రాష్ట్రాలకూ పైన ఒకే పార్లమెంటు ఉన్నది. రెండు సార్వభౌమ దేశాలకు అటువంటి గొడుగు ఉండదు. పరస్పర గుర్తింపును ఒప్పందం ద్వారా సాధించుకోవలసిందే.

ఒప్పందం కుదిరేలోగా అనిశ్చితి ఎంత పనిచేయగలదో బ్రెగ్జిట్ చూపింది. ఐరోపా కూటమి శిక్షితులకు గుర్తింపు నిబంధనలు 2020 చివరి వరకు మారలేదు. అయినా రిజిస్టరులో కొత్తగా చేరిన అక్కడి నర్సులు, మంత్రసానుల సంఖ్య 2016-17లో 6,382 కాగా 2017-18లో 805కు పడిపోయింది. 2016లో వారికీ ఆంగ్ల పరీక్ష వర్తింపజేయడం కూడా ఇందుకు కారణమని గమనించాలి.

పరస్పర గుర్తింపు లభించినా క్రమశిక్షణ వ్యవహారం మిగిలి ఉంటుంది. చర్చలలో దీనికి తగిన ప్రాధాన్యం దక్కడం లేదనే చెప్పాలి. విడిపోయే నాటికి విచారణలో ఉన్న ఫిర్యాదును ఎవరు తేల్చాలి? ఒకవైపు పేరు తొలగింపబడిన వ్యక్తి మరోవైపు నమోదు కాకుండా సమాచారం ఎలా చేరాలి? ఇది రోగి భద్రతకు సంబంధించిన విషయం. ఖర్చు కూడా తక్కువేమీ కాదు. కౌన్సిల్ ప్రధానంగా నర్సుల రుసుములపైనే నడుస్తుంది. 8 లక్షలకు పైబడిన సభ్యులలో స్కాట్లాండు వాటా పదోవంతు లోపే.

భారత్ నుంచి వెళ్లే నర్సులు కంప్యూటర్ పరీక్షను స్వదేశంలోనే రాసి, ప్రాయోగిక పరీక్షకు బ్రిటన్‌లో హాజరవుతారు. ఆ ప్రాయోగిక పరీక్షకు ఆమోదించిన కేంద్రాలు ఇంగ్లండు, ఉత్తర ఐర్లండులలోనే ఉన్నాయి. స్కాట్లాండు ప్రత్యేక రిజిస్టరు తెరిచిన పక్షంలో పరీక్షా కేంద్రాన్ని సొంతంగా నెలకొల్పుకోవడమో, పొరుగు దేశపు ఫలితాన్ని అంగీకరించడమో చేయవలసి ఉంటుంది. అప్పటికే అక్కడ పనిచేస్తున్న తెలుగు నర్సుల నమోదు యథాతథంగా బదిలీ అవుతుందా, మళ్లీ దరఖాస్తు చేయాలా అన్నది స్వాతంత్ర్య చట్టంలోని సంక్రమణ నిబంధనపైనే ఆధారపడి ఉంటుంది.