ఖటోదరా పరిసరాలు: పేర్లలో నిలిచిన నగరం

తపతీ తీరాన వెలసిన సూరత్ నగరంలో ఖటోదరా నేడొక పారిశ్రామిక వాడ. దాని చుట్టూ వినిపించే పేర్లు మాత్రం యంత్రయుగానికి పూర్వపువి.

సమీపంలోనే ఉధ్నా దర్వాజా, మజూరా గేట్ ఉన్నాయి. 1664లో శివాజీ దాడి తరువాత ఈ రేవుపట్టణానికి పటిష్ఠమైన ప్రాకారం ఏర్పడింది. కాలక్రమంలో గోడలు చాలావరకు అంతరించినా ద్వారాల పేర్లు మిగిలాయి. ఉధ్నా దర్వాజా ఉధ్నా గ్రామానికి, ఢిల్లీ గేట్ ఢిల్లీకి పోయే దారులను సూచిస్తాయి. అనగా ద్వారం పేరు బాటసారి గమ్యాన్ని తెలుపుతుంది. ఈ పేర్లను వరుసగా చదివితే పాత బాటల పటం కళ్ళకు కడుతుంది. హైదరాబాదులో చెరువు కనుమరుగైనా మాసాబ్ ట్యాంక్ అనే పేరు నిలిచినట్లే ఇదీను.

నీటి పేర్లు మరింత విలువైనవి. గుజరాతీలో 'ఖాడీ' అనగా మన ఉప్పుటేరు వంటిది. 'మీఠీ ఖాడీ' అంటే తీపి ఉప్పుటేరన్నమాట. తెలంగాణ నుండి తరలివచ్చిన పద్మశాలీలు అధికంగా స్థిరపడిన లింబాయత్ దాని ఒడ్డునే ఉన్నది. భారీ వర్షాలకు ఖాడీ పొంగి అక్కడి లోతట్టు వాడలను ముంచెత్తుతుంది. 2006 ఆగస్టులో తపతి వరద నగరంలో అధికభాగాన్ని ముంచింది.

నేల కప్పివేసిన నీటిదారిని పేరు దాచి ఉంచుతుంది. కొత్త పేర్లు పెట్టదలచినప్పుడు పాత పేర్లను కూడ పటాలలో, ఫలకాలపై నిలుపుట పాలకుల కనీసధర్మం. అది గతంపై మమకారం మాత్రమే కాదు; రాబోయే వరదకు ముందుచూపు.