వంటింటి కిటికీకి లేసు జాలరు: గోదావరి ప్రాంతపు గృహచరిత్రలో ఒక చిన్న అధ్యాయం

అన్నవరం రత్నగిరిపై 1891లో ప్రతిష్ఠ జరిగిన సత్యనారాయణస్వామి వ్రతానికీ తెలుగువారి గృహప్రవేశానికీ గట్టి అనుబంధం ఉంది. కొత్త ఇంట పాలు పొంగించిన రోజునే వ్రతం చేసుకోవడం ఎందరికో ఆనవాయితీ. సింహద్వారానికి మామిడి తోరణం, గడపకు పసుపుకుంకుమలు, వ్రతమంటపానికి అరటిపిలకలు కడతారు. పాలు పొంగేది వంటింట్లోనే అయినా ఆ గది కిటికీకి మాత్రం ఆచారం ఏ అలంకారాన్నీ విధించలేదు. నేడు అదే కిటికీకి పైభాగాన మూరెడు లేసు గుడ్డ వేలాడదీయాలా, ఎలాంటిది ఎంచుకోవాలి అన్న ఆలోచన మధ్యతరగతి ఇళ్లలో వినిపిస్తోంది. ఈ ఎంపిక వెనుక ఉన్న చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి. ‘తెర’ తెలుగు మాట, ‘పరదా’ పారశీకం నుండి వచ్చింది, ‘కర్టెను’ ఆంగ్లం నుండి. కిటికీ తలభాగాన్ని మాత్రమే కప్పే పొట్టి తెరకు మనకు స్థిరమైన పేరు లేదు. పల్లకీలకు, గొడుగులకు, పందిళ్లకు అంచున వేలాడే కుచ్చులను ‘జాలరు’ అనడం ఉంది కనుక ఇక్కడ ఆ మాటనే వాడుతున్నాను. (చేపలు పట్టే జాలరికీ దీనికీ సంబంధం లేదు. అయితే లేసు అల్లినవారిలో మత్స్యకార కుటుంబాల స్త్రీలు కూడా ఉండడం చిత్రమైన యాదృచ్ఛికం.)

పేరు లేకపోవడానికి కారణం వస్తువు అవసరం లేకపోవడమే. కట్టెలు, పిడకలు మండే మట్టిపొయ్యి ఉన్న వంటింట్లో గోడ పైభాగపు కంత పొగ పోవడానికి ఉద్దేశించినది. అక్కడ గుడ్డ కడితే పొగకు అడ్డు. నాలుగు రోజుల్లో మసిబారుతుంది. నిప్పురవ్వ పడితే ప్రమాదం. కాబట్టి ఆ కిటికీ బోసిగా ఉండడాన్ని అభిరుచి లేమిగా భావించడం తొందరపాటు అవుతుంది.

అయితే ఇతర దేశాల కిటికీలకు, బల్లలకు కావలసిన లేసు మాత్రం ఇదే గోదావరి ప్రాంతంలో తయారైంది. అన్నవరానికి నైరుతిగా, డెల్టా చివర ఉన్న నరసాపురం, పాలకొల్లు పరిసరాలు దీనికి కేంద్రం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ అల్లిక ఇక్కడికి వచ్చింది. మొదట క్రైస్తవం స్వీకరించిన దళిత కుటుంబాల స్త్రీలు నేర్చుకున్నారు, తరువాత ఇతర కులాలకు పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970ల చివర ఇక్కడ పరిశోధించి, 1982లో నరసాపురం లేసు అల్లికదారులపై గ్రంథం ప్రచురించారు. ముక్కలు అల్లడం ‘చేతిపని’, వాటిని కలపడం ‘అతుకుపని’. ఒకే వస్తువు పలు ఇళ్లు తిరిగి పూర్తవుతుంది. దారం ఇచ్చేవారు, అల్లిన ముక్కలు తీసుకువెళ్లేవారు, ఎగుమతి చేసేవారు ప్రధానంగా పురుషులు. ముక్కకింత అని కూలి.

మీస్ వాదనలో కీలకం ఏమిటంటే, వంటపని ముగించి గంటల తరబడి అల్లినా ఆ స్త్రీని సమాజం కార్మికురాలిగా కాక తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణిగానే లెక్కించింది. గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువగా భావించిన గోషా కుటుంబాలకు ఈ పని అనుకూలించింది. ఆ అనుకూలతే కూలిని పెరగనివ్వలేదు. ఈ వాదన నాకు ఇప్పటికీ బలంగానే తోస్తుంది. వంటింటి గోడల మధ్య తయారైన లేసు తిరిగి వంటింటికి రావడానికి వందేళ్లకు పైగా పట్టడం ఇందుకు తోడు సాక్ష్యం. అల్లిన చేతికి దానిని కొనే స్తోమత లేదు, తగిలించే కిటికీ లేదు.

వంటగ్యాసు పరిస్థితిని మార్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ప్రారంభించిన దీపం పథకం పేద మహిళల ఇళ్లకూ గ్యాసు కనెక్షన్లను చేర్చింది. పొగ తగ్గింది, గోడకు సున్నం బదులు పలకలు వచ్చాయి, కిటికీ చూపుకు ఆనేంత ఎత్తుకు దిగింది. నిలువు తెర గాలికి ఎగిరి పొయ్యి మంటను తాకవచ్చు. జాలరు పైభాగానికే పరిమితం కనుక వెలుతురు ఆగదు, ప్రమాదం కొంత తగ్గుతుంది. అయినా పొయ్యికి సరిగ్గా ఎదురుగా ఉన్న కిటికీకి అదీ తగదు. పాలియెస్టర్ వేడికి కరిగి అంటుకుంటుంది. నూలు లేసుకూ నిప్పు ప్రమాదమే గాని, నూనెజిడ్డు పట్టినప్పుడు వేడినీటిలో నానబెట్టి ఉతుక్కోవచ్చు.

ధరలో యంత్రపు లేసుతో చేతి అల్లిక పోటీ పడలేదు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, ముక్కకు ఇచ్చే కూలిని నిర్ణయించదు. కొనేవారు దుకాణంలో గుడ్డను వెనక్కు తిప్పి అతుకులు చూడాలి, ఇది చేతిదా యంత్రానిదా అని అడగాలి, చేతిదైతే అల్లినవారికి ఎంత ముట్టిందో కూడా అడగాలి.