హాజరు నుండి కెమెరాకు: తెలుగు నేలపై నిఘా

‘నిఘా’ పారశీక మూలం గల మాట. మూలంలో దాని అర్థం చూపు మాత్రమే. తెలుగులో అది అనుమానపు చూపుగా స్థిరపడింది. అటువంటి చూపును శాసనంగా మలచినది 1871 నాటి నేరస్థ జాతుల చట్టం. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురంలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణ కింద, ఎరుకలవారు హాజరు పలకవలసి వచ్చేది. ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. నేరం చేశారా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, పుట్టుకే సాక్ష్యం. ఆ చట్టం 1952లో రద్దయింది.

అయితే హాజరు పలికేవానికి తనను లెక్కిస్తున్నారన్న సంగతి తెలుసు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే మానవపాడు వంటి మండలాలలో ఇంటింటికీ వెళ్లినపుడు సైతం అడిగే మనిషి గడపలో కనిపించాడు. కెమెరా ముందు నడిచేవానికి ఆ ఎరుక ఉండదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. మరుసటి ఏడే తెలంగాణ పోలీసులు ముఖాన్ని గుర్తించే సాంకేతికతను తమ టీఎస్‌కాప్ యాప్‌లో చేర్చారు. 2021 మే నెలలో హైదరాబాదు వీధిలో తాను మాస్కు తీయ నిరాకరించినా పోలీసులు ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త ఆరోపించాడు. అతని వ్యాజ్యంపై హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం, భద్రత కారణంగా ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారాన్ని కేంద్రానికే అప్పగించింది.