ఆనవాలు పెట్టిన కణం

బూట్లు బయటే వదిలెయ్యండి. టోపీ, మాస్కు, రెండు జతల గ్లౌజులు. లోపలున్నవి నాడ్-స్కిడ్ జాతి తెల్ల చిట్టెలుకలు. తిండీ నీళ్లూ కూడా స్టెరిలైజ్ చేసే పెడతారు. వాటికి టీ కణాలు లేవు, బీ కణాలు లేవు. చిన్న ఇన్ఫెక్షన్ చాలు, పోతాయి. మనిషి రక్తకణాలు వాటి ఒంట్లో బతకగలిగేదీ అందుకే.

పక్క గదిలో కణాలను వేరుచేసే సార్టర్ నడుస్తోంది. అందులోకి పోతున్నది అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న రోగి రక్తం. కణాల పైపొర మీది మార్కర్ ప్రొటీన్లలో సీడీ34కి ఆకుపచ్చ, సీడీ38కి నారింజ రంగు తగిలించారు. రంగును మోసుకెళ్లి అంటించేది యాంటీబాడీ. సెకనుకు వేల కణాలు వరసగా లేజర్ ముందు నుంచి జారిపోతుంటే తెర మీద చుక్కలు ముసురుకుంటున్నాయి. కుడివైపు పైన చిక్కటి గుంపు: రెండు రంగులూ ఉన్నవి. దాని కిందే పలచగా మరో గుంపు: సీడీ34 ఉండి సీడీ38 లేనివి. దేని ట్యూబు దానిదే.

ఇక సూది. మూలుగలో చోటు కోసం ఎలుకలకు ముందే కొద్దిగా రేడియేషన్ ఇచ్చారు. దీపం వేడికి తోక పక్కన సిర ఉబ్బింది. చెయ్యి కదిలిందా, ద్రవం చర్మం కిందికి పోయి తెల్లగా పొంగుతుంది. ఆ తర్వాత వారాల తరబడి ఎదురుచూపే. చివరికి తొడ ఎముకలోని మూలుగను సిరంజితో కడిగి, మనిషి తెల్లరక్తకణాల గుర్తైన సీడీ45 ఉన్న కణాల కోసం వెతుకుతారు.

రెండు రంగుల గుంపు ఎక్కించిన ఎలుకల్లో ఏమీ లేదు. టొరంటోలో జాన్ డిక్ బృందం 1994లో చెప్పిందీ ఇదే కదా: ఎలుకలో లుకేమియాను మొదలుపెట్టగలిగేది రోగి రక్తంలో సుమారు 2.5 లక్షల కణాల్లో ఒక్కటి. అదీ సీడీ38 లేని గుంపులోనే.

ఆగండి. సీడీ38కి తగిలించిన యాంటీబాడీ ఇంకా ఆ రెండు రంగుల కణాలను వదల్లేదు. ఎలుకలో టీ, బీ కణాలు లేకున్నా వేరే రక్షణ కణాలు కొన్ని మిగిలే ఉన్నాయి. అవి యాంటీబాడీ తోకను పట్టుకుని, దాంతోపాటు కణాన్నీ తుడిచేస్తాయి. ఆనవాలుకని పెట్టిన బొట్టే ప్రాణం మీదికి తెచ్చింది. 2008లో లండన్‌లో డేవిడ్ టాసిగ్, డొమినిక్ బోనే బృందం ఎలుకల్లో మిగిలిన ఆ రక్షణను కూడా అణచి చూసింది. కొన్ని నమూనాల్లో లుకేమియాను నాటే శక్తి దాదాపు అంతా సీడీ38 ఉన్న కణాల్లోనే బయటపడింది!

టొరంటో ఫలితం కొట్టుకుపోలేదు. అలాంటి కణాలు అరుదన్న మాట నేటికీ నిలిచే ఉంది. కానీ ఫలానా మార్కర్ ఉన్న కణాలు ఎలుకలో పాతుకోలేదని ఎక్కడైనా చదివితే, ఏ జాతి ఎలుకలో, ఏ యాంటీబాడీ తగిలించి చూశారో ముందు అడగండి.