వద్దన్న సదస్సులు, కావాలన్న సదస్సులు

1952 నవంబర్‌లో బొంబాయిలో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. అమెరికా నుంచి కుటుంబ నియంత్రణ ఉద్యమ నాయకురాలు మార్గరెట్ సాంగర్ వచ్చారు. ఆతిథ్య బాధ్యత మన దేశంలో ఆ ఉద్యమం నడిపిన ధన్వంతి రామారావుది. చర్చంతా ఒక్కటే: జనం పెరిగిపోతున్నారు, కాన్పులు తగ్గించడమెలా? కుటుంబ నియంత్రణ కోసం పనిచేసే ప్రపంచ సమాఖ్య ఐపీపీఎఫ్ పుట్టింది ఆ సదస్సులోనే. కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన తొలి దేశంగా భారత్ పేరు తెచ్చుకున్నదీ ఆ ఏడాదే.

2016 సెప్టెంబర్‌లో ఢిల్లీలో మరో అంతర్జాతీయ సదస్సు జరిగింది. సంతాన వైద్య నిపుణుల సమాఖ్య ఐఎఫ్‌ఎఫ్‌ఎస్ 22వ ప్రపంచ మహాసభ అది. అక్కడ ప్రశ్న తిరగబడింది. పుట్టని పిల్లల్ని పుట్టించడమెలా?

ఈ రెండు సదస్సుల నడుమ 64 ఏళ్లున్నాయి. ఒకే దేశం రెండు రకాల సభలకూ వేదికైంది. ఏ సభలో ఏం తీర్మానించినా చివరికి దాని బరువు మోసింది మాత్రం ఊళ్లలోని ఆడవాళ్లే. జగిత్యాల జిల్లా కథలాపూర్, దాని చుట్టుపక్కల కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఏ ఇంటికెళ్లినా ఈ సంగతి తెలుస్తుంది. అత్తకు ‘ఆపరేషన్’ అంటే పిల్లలు పుట్టకుండా చేసేది. కోడలికి ఆస్పత్రి అంటే పిల్లల కోసం పట్టుకు తిరిగే ఫైలు.

మొదటి రకం సభల కథ త్వరగానే చెప్పుకోవచ్చు. 1974లో బుఖారెస్ట్ జనాభా సదస్సులో అప్పటి కేంద్రమంత్రి కరణ్ సింగ్ అభివృద్ధే అసలైన గర్భనిరోధకమని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఎమర్జెన్సీలో అదే ప్రభుత్వం 1976-77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేయించింది. మగవాళ్ల వేసెక్టమీ ఆ దెబ్బతో మళ్లీ కోలుకోలేదు. భారమంతా ట్యూబెక్టమీ మీద, అంటే ఆడవాళ్ల మీద పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ లెక్కల్లో దేశంలోనే ముందువరసలో నిలిచింది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానముంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నది. 1997లో సొంత జనాభా విధానం ప్రకటించిన తొలి రాష్ట్రం కూడా ఇదే. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. 2024లో ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చిందీ, ఆ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేయించిందీ ఆయన ప్రభుత్వమే. ఒకే నాయకుడు తన రాజకీయ జీవితంలోనే రెండు కొసలూ చూడటం అరుదు.

మారిన అంకెలు చూస్తే ఆ తొందర అర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక్కో స్త్రీకి తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి.

మొదటి రకం సభల వరసలో మలుపు 1994 సెప్టెంబర్‌లో కైరోలో వచ్చింది. అక్కడి జనాభా సదస్సు లక్ష్యాల లెక్కలు పక్కనపెట్టి ప్రత్యుత్పత్తి ఆరోగ్యం గురించి మాట్లాడింది. సంతానలేమికి నివారణ, చికిత్స కూడా అందులో భాగమేనని తీర్మానంలో రాసింది. 1996 ఏప్రిల్ నుంచి భారత్ ఆపరేషన్ల లక్ష్యాలు ఎత్తేసింది కానీ, సంతానలేమి చికిత్స మాత్రం చాలా ప్రభుత్వ ఆస్పత్రుల గడప తొక్కడానికి ఏళ్లకేళ్లు పట్టింది. ఈ ఖాళీలోకే ప్రైవేటు వ్యాపారం వచ్చి కూర్చుంది.

రెండో రకం సభలది రసవత్తరమైన కథ, కొంత విషాదం కూడా.

1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో లూయీ బ్రౌన్ పుట్టింది. శరీరం బయట ఫలదీకరణ (ఐవీఎఫ్) జరిగి పుట్టిన తొలి శిశువు ఆమె. ఆ పని చేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో బృందానికి 1971లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి నిధులివ్వనన్నది. ల్యాబ్‌లో పిండాల్ని కంటికి రెప్పలా చూసుకున్న జీన్ పర్డీ పేరు చాలాకాలం ఎవరూ ఎత్తలేదు. 1979 జనవరిలో స్టెప్టో, ఎడ్వర్డ్స్ లండన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ వేదికెక్కి తమ పద్ధతి వివరించాక అనుమానాలు సద్దుమణిగాయి. 1981లో ఇంగ్లండ్‌లోని బోర్న్ హాల్ క్లినిక్‌లో వివిధ దేశాల బృందాలు కలిసి తమ గెలుపోటములు పంచుకున్నాయి. 1985లో యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఈష్రే ఏర్పడి బాన్‌లో తొలి వార్షిక సభ జరిపింది. నోబెల్ మాత్రం ఎడ్వర్డ్స్‌కు 2010లో వచ్చింది. అప్పటికి స్టెప్టో, పర్డీ ఇద్దరూ లేరు.

లూయీ పుట్టిన 70 రోజులకు, అక్టోబర్ 3న, కలకత్తాలో ‘దుర్గ’ పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ అరకొర పరికరాలతో సాధించిన ఫలితమది. అండాలు ఎక్కువగా తయారయ్యేందుకు హార్మోన్ ఇంజెక్షన్లు వాడారు. అండాన్ని పొట్ట కోయకుండా యోని మార్గం నుంచి తీశారు. పిండాన్ని గడ్డకట్టించి దాచి కొన్ని వారాల తర్వాత గర్భంలో పెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఏ కేంద్రానికెళ్లినా దాదాపు ఇదే క్రమం. గడ్డకట్టించిన పిండంతో పాశ్చాత్య ప్రపంచంలో తొలి శిశువు పుట్టింది 1984లో, మెల్‌బోర్న్‌లో.

అంతటి మనిషికి జరిగిందేమిటి? పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్రవేత్త. కమిటీ ఆయన మాట నమ్మలేదు. జపాన్‌లో క్యోటో నుంచి శాస్త్ర సమావేశానికి ఆహ్వానమొస్తే వెళ్లనివ్వలేదు. చివరికి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఒక సదస్సుకు వెళ్లడానికి అనుమతి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమేమీ కాదు. తోటి శాస్త్రవేత్తలు ప్రశ్నలడిగేవారు, నోట్సు చూసేవారు, ఒప్పుకునేవారో లేదో వారే తేల్చేవారు. ఆ పని ప్రభుత్వ కమిటీ చేసింది.

1986 ఆగస్టు 6న ముంబయి కేఈఎం ఆస్పత్రిలో డాక్టర్ ఇందిరా హిందూజా, శాస్త్రవేత్త టీసీ ఆనంద్ కుమార్‌ల కృషితో హర్ష పుట్టింది. దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీగా ఆమె పేరే రికార్డుకెక్కింది. 1997లో ఆనంద్ కుమార్ ఒక సదస్సు కోసం కోల్‌కతా వెళ్లినప్పుడు ముఖోపాధ్యాయ్ కాగితాలు ఆయన చేతికొచ్చాయి. అన్నీ చదివి, మొదటివాడు తాను కాదు, ముఖోపాధ్యాయేనని ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారు. శాస్త్రలోకంలో ఇలాంటి పెద్దమనసు తరచుగా కనబడదు.

హైదరాబాద్ ఈ కథలోకి వేరే దారిన వచ్చింది. పుష్పమిత్ర భార్గవ నడిపిన జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో మొదటి నుంచీ వీర్యకణాల మీద పని జరిగింది. తర్వాత లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం వీర్యకణాలే లేని పురుషుల్లో కొందరికి వై క్రోమోజోమ్‌లో కొన్ని భాగాలు లోపించడమే కారణమని మన దేశ నమూనాల్లో చూపింది. అదే సంస్థకు చెందిన వన్యప్రాణుల ప్రయోగశాల లాకోన్స్ కృషితో 2006లో కృత్రిమ గర్భధారణ ద్వారా ‘స్పాటీ’ అనే చుక్కల జింక పిల్ల, మరుసటేడు ‘బ్లాకీ’ అనే కృష్ణజింక పిల్ల పుట్టాయి. జింకలకు ప్రభుత్వ ప్రయోగశాల దొరికిన ఈ నగరంలో, మనుషులకు ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం గాంధీ ఆస్పత్రిలో ప్రారంభమైంది 2023 అక్టోబర్‌లో!

సదస్సుల ఊసొచ్చింది కాబట్టి ఒకటి చెప్పక తప్పదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు, కౌరవులు మూలకణాలు, టెస్ట్‌ట్యూబ్ పరిజ్ఞానంతోనే పుట్టారని సెలవిచ్చారు. నేతికుండల కథ మనవాళ్లందరికీ ఇష్టమే. కానీ 1978లో నిజంగా ఆ పని చేసిన భారతీయుణ్ని నమ్మని దేశం, పురాణ కాలంలో జరిగిందంటే సైన్స్ వేదిక మీద వినగలిగింది.

వైద్యం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. 1992లో బ్రస్సెల్స్ బృందం ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపే ‘ఇక్సీ’ని ప్రకటించాక మగవాళ్ల లోపానికీ దారి దొరికింది. 2018 నాటికి ఈ పద్ధతుల్లో పుట్టినవాళ్లు 80 లక్షలు దాటారని ఈష్రే సభలో లెక్క చెప్పారు. మన దగ్గర హైదరాబాద్, విజయవాడ, విశాఖల తర్వాత కరీంనగర్ లాంటి పట్టణాల్లోనూ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు వెలిశాయి.

మంచి జరగలేదని కాదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఇద్దరు కూతుళ్లను పోగొట్టుకున్న విశాఖ దంపతులకు, ఐవీఎఫ్ తర్వాత సరిగ్గా రెండేళ్లకు అదే తేదీన కవల ఆడపిల్లలు పుట్టారు. అదే 2019లో, అదే నెలలో గుంటూరులో 70 ఏళ్లు దాటిన తూర్పు గోదావరి మహిళకు ఐవీఎఫ్‌తో కవలలు పుడితే దేశమంతా నోరు వెళ్లబెట్టింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. వైద్యుల సంఘాలు మాత్రం ఆ వయసులో ఇది చేయొచ్చా అని నిలదీశాయి. నిలదీయడమే సరైంది.

అప్పటికి దేశంలో ఉన్నవి ఐసీఎంఆర్ 2005లో ఇచ్చిన మార్గదర్శకాలే. పాటించకపోయినా అడిగేవారు లేరు. సంతాన సాఫల్య చికిత్సల (ఏఆర్‌టీ) చట్టం, దాంతోపాటు సరోగసీ చట్టం 2021 డిసెంబర్‌లో వచ్చి, 2022 జనవరి 25 నుంచి అమల్లోకొచ్చాయి. చికిత్స తీసుకునే స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు దాటకూడదు. అండం దానమిచ్చే స్త్రీ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి అండాలు తీయకూడదు. సరోగసీ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని గర్భం అద్దెకివ్వడం నేరం. అయినా 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక కేంద్రం మీద కేసు పడింది. సరోగసీ పేరుతో లక్షలు తీసుకుని, ఎవరో పేదల దగ్గర కొన్న బిడ్డను దంపతుల చేతిలో పెట్టారన్నది పోలీసుల అభియోగం. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే గానీ ఆ దంపతులకు బిడ్డ తమది కాదని తెలియలేదు.

ఇక కథలాపూర్ వైపు రావాలి.  ఇక్కడ పిల్లలు కలగని జంట మొదట వెళ్లేది కొండగట్టు అంజన్న దగ్గరికో, వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికో. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అసలు చిక్కు దుబాయ్‌లో ఉంది. ఈ పల్లెల మగవాళ్లు పెళ్లయిన కొన్నాళ్లకే గల్ఫ్ విమానమెక్కుతారు. రెండేళ్లకో రెండున్నరేళ్లకో రెండు నెలల సెలవు మీద వస్తారు. పెళ్లయి ఆరేళ్లయినా ఆ దంపతులు కలిసున్నది ఆరు నెలలు ఉండదు. డాక్టర్ల లెక్కలో సంతానలేమి అంటే ఏడాది పాటు కలిసి ఉండి కూడా గర్భం రాకపోవడం. ఊరి లెక్కలో మాత్రం తప్పు ఇంట్లో ఉన్న కోడలిదే.

ఐవీఎఫ్‌కు సిద్ధపడితే ఏం జరుగుతుందో చూడండి. నెలసరి రెండో రోజున స్కానింగ్‌తో మొదలు. పది పన్నెండు రోజులు పొట్టకు ఇంజెక్షన్లు. వాటిని చల్లగా ఉంచాలి కాబట్టి కరీంనగర్ నుంచి ఐస్‌ప్యాక్ పెట్టిన డబ్బాలో తెచ్చుకుంటారు. కరెంటు పోతే కంగారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరే సూది వేస్తాడు. రెండ్రోజులకోసారి బస్సెక్కి వెళ్లి అండాలు ఎంత పెరిగాయో చూపించుకోవాలి. చివరి సూదికి గడియారం చూసుకోవాలి. ఎందుకంటే అది వేసిన 34 నుంచి 36 గంటల్లోపు అండాలు తీయాలి. అందుకే ఆ సూది సాధారణంగా రాత్రిపూట పడుతుంది. భర్త సెలవు అప్పటికే అయిపోతుందనుకుంటే ముందే వీర్యం ఇచ్చిపోతాడు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో అది ఉంటుంది, అతను ఎడారిలో ఉంటాడు. తర్వాత పిండం పెట్టడం, రెండు వారాల ఎదురుచూపు, ఒక రక్తపరీక్ష. ఒక్క విడతకు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. వయసులో ఉన్నవాళ్లకు కూడా ప్రతిసారీ గర్భం నిలవదు. రెండో విడతకు వెళ్లాలంటే సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కుటుంబమో, బీడీలు చుట్టే ఇల్లో అప్పు చేయాల్సిందే.

ఇంతా చేసి, ముందుగా జరగాల్సిన పరీక్ష చాలా ఇళ్లలో చివరికి జరుగుతుంది. అది వీర్య పరీక్ష. సూదులూ స్కానింగులూ అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు లోపం ఎంతో కొంత ఉంటుంది. ఎండలో, వేడిలో ఏళ్ల తరబడి పనిచేయడం వీర్యకణాలకు మంచిది కాదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. అయినా భార్యకు ట్యూబుల టెస్టు అయ్యాకే భర్త గుర్తుకొస్తాడు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురు పెద్దల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అయినా హైదరాబాద్ హైటెక్ సిటీ హాళ్లలో జరిగే సభలకు మందుల కంపెనీల స్టాళ్లు వస్తాయి, యంత్రాల ప్రదర్శనలుంటాయి. ఆ సభల్లోనే జిల్లా ఆస్పత్రి గైనకాలజిస్టు కోసం, గల్ఫ్ భర్త కోసం తెలుగులో ఒక పూట చర్చ పెట్టడానికి ఏ అడ్డూ లేదు.

ఏఆర్‌టీ చట్టం కింది నిబంధనలు సంతాన సాఫల్య కేంద్రాల్ని రెండు స్థాయిలుగా విడదీశాయి. మొదటి స్థాయి కేంద్రంలో ఐవీఎఫ్ ల్యాబ్ అక్కర్లేదు. వీర్యాన్ని శుద్ధి చేసి గర్భాశయంలోకి పంపే ఐయూఐ చేస్తే చాలు, దానికయ్యేది వేలల్లోనే. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. గైనకాలజీ విభాగం ఉన్నచోట మొదటి స్థాయి కేంద్రం పెట్టడానికి కావాల్సింది పెద్ద బడ్జెట్ కాదు, ఒక నిర్ణయం. రెండు కళాశాలల్లోనూ దాన్ని ప్రారంభించాలి, భర్త సెలవు మీద వచ్చిన వారంలోనే పరీక్ష చేసి పంపేలా ఏర్పాటు ఉండాలి. అంతవరకు కరీంనగర్, హైదరాబాద్ బస్సెక్కే దంపతులు అడ్వాన్సు కట్టే ముందు ఆ కేంద్రానికి జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ రిజిస్ట్రీలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి, సర్టిఫికెట్ చూడండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.