హృదయము చెంతకు త్రోవ: సెంట్రల్ లైన్ పుట్టుపూర్వోత్తరములు

చేతిమీది సిరలు సన్ననివి. వానియందు రక్తప్రవాహము మందము. పడిపోవుచున్న రక్తపుపోటును నిలబెట్టు నార్‌ఎడ్రినలిన్ వంటి తీక్ష్ణౌషధము వానినుండి వెలికి ఊరినచో చుట్టునున్న చర్మమాంసములు చచ్చుబడు ప్రమాదము కలదు. కావున అట్టి మందును, రక్తము వెల్లువగా పారి తత్‌క్షణమే దానిని పలుచన చేయు చోటికి, అనగా ఊర్ధ్వ మహాసిర గుండెయొక్క కుడి కర్ణికతో కలియు సంధిస్థానము దరికి, కొనిపోవలయును. మెడలోని సిరనుండియో కాలరు ఎముక క్రింది సిరనుండియో లోనికి నడపు ఆ మెత్తని గొట్టమును మన ఆసుపత్రులలో సెంట్రల్ లైన్ అని వ్యవహరింతురు. దీని చరిత్రయంతయు, నా దృష్టిలో, ఆ గొట్టపు కొన ఎక్కడ నున్నదో నిశ్చయముగ తెలిసికొనుటకై వైద్యులు పడిన తపనయే.

1929వ సంవత్సరమున, జర్మనీలోని ఎబర్స్‌వాల్డె అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో శస్త్రవైద్యము నేర్చుచుండిన వెర్నర్ ఫోర్స్‌మన్, గుఱ్ఱపు మెడసిరనుండి దాని గుండెలోనికి గొట్టమును పంపిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుల ప్రయోగచిత్రమును ఒక పాఠ్యగ్రంథమున చూచి, మనుష్యునియందును అది సాధ్యమేయని నమ్మెను. పైవైద్యుడు అనుమతి నిరాకరించెను. అయినను అతడు, పరికరములు తన అధీనమున నున్న నర్సు గెర్డా డిట్జెన్‌ను ఒప్పించి, ప్రయోగము ఆమెపైననే జరుగునని నమ్మించి బల్లకు కట్టివేసి, తన ఎడమ మోచేతి సిరను తెఱచి, మూత్రనాళమునకు వాడు సన్నని గొట్టమును తనలోనికే ఎక్కించుకొనెను. పిదప ఆమె కట్లు విప్పి, చేతినుండి గొట్టము వ్రేలాడుచుండగనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడచి, ఆమె పట్టిన అద్దములో తెరమీది నీడను చూచుకొనుచు, కొన కుడి కర్ణికను చేరినట్లు రుజువు కాగా చిత్రము తీయించెను. అతని సాహసమును లోకము ఆలస్యముగ మెచ్చెను. 1956లో కూర్నాండ్, రిచర్డ్స్‌లతోపాటు నోబెల్ బహుమానము లభించెను. నాకు మాత్రము ఆ గొట్టమును చొప్పించిన చేతికంటె, అది చేరిన చోటును కంటితో చూచినగాని తృప్తిపడని ఆ బుద్ధియే మహత్తరముగ తోచును.

1952లో ఫ్రెంచి వైద్యుడు ఓబనియాక్ కాలరు ఎముక క్రింది సిరకు త్రోవ చూపెను. మఱుసటి యేడు స్వీడను దేశీయుడగు సెల్డింగర్ ధమనుల చిత్రణకై ప్రకటించిన క్రమము, ముందు సూది, సూదిలోనుండి తీగ, తీగమీదుగా గొట్టము అనునది, సిరలకును అక్కఱకు వచ్చెను. పని సులువయ్యెను, చూపు వెనుకబడెను. ఎముకల, కండరముల ఆనవాళ్లను వ్రేళ్లతో తడవి సూది గ్రుచ్చుటయే దశాబ్దములపాటు ఆచారమయ్యెను. ఊపిరితిత్తి కొసకు చిల్లుపడి ఱొమ్ములో గాలి చేరుటయు, సిర యనుకొని ధమనిని పొడుచుటయు కలుగుచుండెను. తరువాత తీయు ఎక్స్‌రే జరిగిన తప్పును చెప్పునే కాని జరుగకుండ ఆపజాలదు.

1980వ దశకమున అల్ట్రాసౌండ్ ఆ లోపమును తీర్ప నారంభించెను. మెడపై ప్రోబును ఆనించినంతనే తెరమీద రెండు నల్లని వలయములు కనబడును. మెల్లగా నొక్కినచో సిర చప్పున అణగిపోవును, ధమని అణగక కొట్టుకొనుచుండును. సూదిమొన సిరలో ప్రవేశించుటను వైద్యుడు ప్రత్యక్షముగ చూడగలడు. మెడసిరకు ఈ పద్ధతినే ముందు పాటింపదగినదిగా బ్రిటనులోని నైస్ సంస్థ 2002లో సూచించెను.

అయినను ఊపిరితిత్తుల గాలియు ఱొమ్మెముకయు అల్ట్రాసౌండ్‌కు అడ్డుపడుటచే గొట్టపు కొన తరచుగ కనబడదు. అది మఱీ లోతుకు పోయిన గుండె లయ తప్పవచ్చును, అరుదుగ గోడయే చిల్లుపడవచ్చును. పైననే నిలిచిన రక్తము గడ్డకట్టు భయము హెచ్చు. ఇచట గుండె తన విద్యుత్తుతో తానే దారి చూపును. ఉప్పునీటితో నిండిన గొట్టము విద్యుత్తును మోయగలదని, దానితో గుండెలోపలి సంకేతములను గ్రహింపవచ్చునని హెలర్‌స్టీన్ ప్రభృతులు 1949లోనే తెలిపిరి. గొట్టమును ఇ.సి.జి. యంత్రమునకు కలిపి లోనికి నడపినకొలది, కర్ణికల స్పందనను తెలుపు పి-తరంగము ఎత్తు పెరుగుచు వచ్చి, సంధిస్థానమున శిఖరమందును; కర్ణికలోనికి దాటినంతనే తరంగమునకు ముందు చిన్న పల్లము పొడసూపును. అప్పుడు వైద్యుడు గొట్టమును కొద్దిగా వెనుకకు లాగి నిలుపును. రోగిపై ఎక్స్‌కిరణములు పడవు, తప్పును అక్కడికక్కడనే దిద్దవచ్చును. ఇంతటి సులభమైన ఉపాయము వాడుకలో వ్యాపించుటకు ఇంతకాలము పట్టుట నాకు విచారకరముగ నున్నది.

కర్ణికల లయ చెదరిన రోగులయందు, అనగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారియందు, పి-తరంగమే లేదు. అట్టివారికి ప్రోబును గుండెవైపు త్రిప్పి, నురుగు లేచునట్లు కలియబెట్టిన ఉప్పునీటిని గొట్టము గుండ పంపుదురు. రెండు సెకండ్లలోపల ఆ బుడగలు కుడి కర్ణికలో తళుకుమని కనబడినచో కొన సరియైన చోటనే యున్నదని గ్రహింతురు. ఆలస్యమైనచో అది వేఱుదారి పట్టినదేమో యని అనుమానించి ఎక్స్‌రే తీయింతురు.